నాటింగ్‌హామ్‌లో బొటనవేలంత సైన్యం

ఇంగ్లండు నడిబొడ్డున, ట్రెంట్ నది తీరాన వెలసిన నగరం నాటింగ్‌హామ్. ఆ పేరు వినగానే చదువుకున్న ప్రతివారికీ ముందుగా స్ఫురించేది రాబిన్ హుడ్. కలవారిని దోచి లేనివారికి పంచిన విలుకానిగా అతని కథలు మనమందరం పిల్లల పుస్తకాల్లో చదివినవే. మన ముందు తరంవారికి మాత్రం ఆ నగరంతో మరో పరిచయం ఉంది. పల్లెటూళ్లలో ఏ కరణంగారికో, బడిపంతులుగారికో మాత్రమే ఉండి, ఆయుధపూజనాడు పసుపు కుంకుమలు అందుకున్న ర్యాలీ సైకిలుకు పుట్టిల్లు నాటింగ్‌హామే. ఈ రెండూ కాక గత నాలుగు దశాబ్దాలలో ఆ నగరానికి మూడవ ప్రఖ్యాతి ఒకటి వచ్చింది. అది మన దేశంలో చాలామందికి తెలియదు. బొటనవేలి పై కణుపంత ఎత్తుగల బొమ్మ సైనికులను తయారుచేసి ప్రపంచమంతటికీ పంపే పరిశ్రమకు అది రాజధాని. ఆ బొమ్మలతో బల్లమీద ఆడే యుద్ధక్రీడలో పోటీ చేయడానికి 2025 మే నెలలో మేము ఆ నగరానికి వెళ్లాము.

‘మేము’ అంటే నలుగురం. నేను టూల్‌రూములో పనిచేస్తున్నవాడిని. నాతో కలిసి ప్రయాణం చేసినవారు మా కర్మాగారంలోనే లెక్కల విభాగంలో ఉన్న మిత్రులు. క్వార్టర్సులో మావి పక్కపక్క ఇళ్లు. ఇరవై రెండేళ్ల స్నేహం. మూడవవారు నా పాలిటెక్నిక్ సహాధ్యాయి. నాటింగ్‌హామ్‌లో స్థిరపడి పాతికేళ్లు దాటింది. నాలుగవది ఆయన కుమార్తె, విశ్వవిద్యాలయంలో చరిత్ర చదువుతున్న అమ్మాయి. ఆ తండ్రీకూతుళ్లకు ఈ ఆట అంటే ప్రాణం. మూడేళ్ల క్రితం సెలవులకు వచ్చినప్పుడు రెండు పెట్టెల బొమ్మలు తెచ్చి మా ఇద్దరికీ ఆట నేర్పి వెళ్లారు. అది మొదలు ఆదివారం మధ్యాహ్నాలు మా భోజనాల బల్లే యుద్ధరంగం. ‘మనవలను ఎత్తుకోవలసిన వయసులో ఈ బొమ్మలేమిటి’ అని ఇంట్లోవారు నవ్వినా, టీ మాత్రం వేళకు అందుతూనే ఉండేది.

నగర దర్శనం

నాటింగ్‌హామ్ ఇసుకరాతి గుట్టలమీద కట్టిన ఊరు. ఆ రాయి మామూలు పనిముట్లతో తొలిచేందుకు వీలైనంత మెత్తన. అందుచేత మధ్యయుగాల నుండీ జనం తమ ఇళ్ల కిందనే గుహలు తొలుచుకున్నారు. తోళ్లు పదును చేయడానికి, బీరు పీపాలు చల్లగా దాచడానికి, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విమానదాడుల నుండి తలదాచుకోవడానికి అవే అక్కరకు వచ్చాయి. ఇంతవరకు గుర్తించిన గుహలే 800కు పైబడి ఉన్నాయి. పైన ట్రాము బండ్లు తిరుగుతున్న వీధులు, అడుగున చీకటి గదులు: ఒక ఊరి కింద మరొక ఊరు దాగినట్లు ఉంటుంది.

కోట అనగానే బురుజులు, కందకాలు ఊహించుకొని వెళ్లేవారికి అవి కనిపించవు. మధ్యయుగపు కోటను 17వ శతాబ్దపు అంతర్యుద్ధం ముగిశాక కూల్చివేశారు. ఆ గుట్టమీద ఒక డ్యూకుగారు తన కోసం సౌధం కట్టించుకున్నాడు. ఓటుహక్కును విస్తరించే బిల్లును ప్రభువుల సభ తిరస్కరించిందన్న ఆగ్రహంతో 1831లో జనం దానికి నిప్పుపెట్టారు. తరువాత బాగుచేసి 1878లో ప్రదర్శనశాలగా తెరిచారు. గోడ వెలుపల 1952లో ప్రతిష్ఠించిన రాబిన్ హుడ్ కంచు విగ్రహం వింటినారి లాగి నిలుచుని ఉంటుంది. ఊరి నడుమ విశాలమైన సంత చౌకు, దాని ఎదుట 1929లో ప్రారంభమైన నగరసభా భవనం ఉన్నాయి. ఆ భవనపు గోపురంలోని పెద్ద గంటకు రాబిన్ హుడ్ అనుచరుడైన లిటిల్ జాన్ పేరే పెట్టుకున్నారు.

అయితే కర్మాగారంలో బతికే మనబోటివారికి అక్కడ కోటకంటె ఎక్కువ ఆలోచన కలిగించేవి పాత పరిశ్రమల ఆనవాళ్లు. మేజోళ్లు అల్లే యంత్రాన్ని 1589లో కనిపెట్టిన విలియం లీ ఈ ప్రాంతంవాడే. ఆ మగ్గాల నుండే లేసు పరిశ్రమ ఎదిగింది. ఎర్ర ఇటుకల లేసు గోదాములు ఇప్పటికీ ఒక పేటనిండా బారులు తీరి ఉన్నాయి. కూలి రేట్లు తగ్గించిన యజమానుల యంత్రాలను రాత్రివేళ సమ్మెటలతో పగులగొట్టిన లడ్డైట్ల ఉద్యమం 1811లో మొదలైనదీ ఈ జిల్లాలోనే. తరువాత సైకిళ్లు, సిగరెట్లు, మందులు, బొగ్గు ఈ నగరాన్ని పోషించాయి. మందుల కంపెనీ తప్ప మిగిలినవి ఒక్కొక్కటిగా మూతబడ్డాయి. నాటింగ్‌హామ్‌లో ర్యాలీ సైకిళ్ల తయారీ 2002లో ఆగింది. జిల్లాలో చివరి బొగ్గుగని 2015లో, సిగరెట్ల కర్మాగారం 2016లో మూసివేశారు. సైకిళ్ల కర్మాగారపు స్థలంలో కొంతమేర ఇప్పుడు విశ్వవిద్యాలయపు జూబిలీ ప్రాంగణం వెలసింది. చెరువు, బాతులు, చెట్లు, చదువుకునే పిల్లలు: చూడడానికి అందంగానే ఉంది. కాని అక్కడ నిలుచున్నప్పుడు మా ఇద్దరికీ మన ఆసన్సోల్ గుర్తుకు వచ్చింది. ర్యాలీవారి సహకారంతో అక్కడ పెట్టిన సెన్-ర్యాలీ కర్మాగారం తరువాత సైకిల్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అనే ప్రభుత్వరంగ సంస్థగా మారి, చివరకు అదీ మూతబడింది. షిఫ్టు సైరను ఆగిపోయిన ఊరి నిశ్శబ్దం ఏ దేశంలోనైనా ఒకటే.

సీసపు బొమ్మల సీమ

అటువంటి నగరంలో చేతిపని పూర్తిగా అంతరించలేదు. అది బొమ్మల రూపంలో మిగిలింది. దాని వెనుక ఉన్న కథ ఆసక్తికరమైనది.

1975లో లండన్‌లో ముగ్గురు స్నేహితులు చెక్క ఆటపలకలు చేసి అమ్మడానికి గేమ్స్ వర్క్‌షాప్ అనే చిన్న సంస్థ పెట్టారు. కొన్నేళ్ల తరువాత, నాటింగ్‌హామ్‌కు చేరువలోని నెవార్క్ పట్టణంలో లోహపు బొమ్మల తయారీకి సిటడెల్ అనే అనుబంధ సంస్థ వెలసింది. ఆ బొమ్మలను కొన్నవారికి వాటితో ఆడుకొనే నియమావళి కూడా ఉండాలన్న ఆలోచన నుండి 1983లో ‘వార్‌హామర్’ అనే ఆట పుట్టింది. సంస్థ నాటింగ్‌హామ్‌కు తరలివచ్చి, 1997 నుండి లెంటన్ పేటలో ప్రధాన కార్యాలయం, కర్మాగారం నడుపుతున్నది. అక్కడ పని నేర్చిన శిల్పులు, రచయితలు కొందరు బయటకు వచ్చి సొంత సంస్థలు పెట్టారు. అలా ఒకదాని పక్కన ఒకటిగా బొమ్మల కంపెనీలు పెరగడంతో ఆటగాళ్లు ఈ ప్రాంతాన్ని ముద్దుగా ‘లెడ్ బెల్ట్’, అంటే సీసపు సీమ అంటారు. 2024 డిసెంబరులో గేమ్స్ వర్క్‌షాప్ లండన్ స్టాక్ ఎక్స్ఛేంజిలోని నూరు అగ్రశ్రేణి కంపెనీల జాబితాలో చేరింది. బ్యాంకులు, చమురు కంపెనీల సరసన ఒక బొమ్మల కంపెనీ కూర్చున్నదన్నమాట!

పోటీకి రెండు రోజుల ముందు లెంటన్‌లోని వారి ప్రదర్శనశాల చూశాము. ద్వారం దగ్గర కవచధారి యోధుని నిలువెత్తు విగ్రహం ఉంది. లోపల గాజు పెట్టెల్లో వేలకొద్దీ బొమ్మలతో కూర్చిన యుద్ధదృశ్యాలు ఉన్నాయి. మన ఇళ్లలో సంక్రాంతికో దసరాకో పెట్టే బొమ్మల కొలువును గదంత పెద్దది చేసి, అందులో కురుక్షేత్రాన్ని నిలబెడితే ఎలా ఉంటుందో అలా ఉంది.

టూల్‌రూము మనిషిని కనుక నా చూపు మూసలమీదకు పోయింది. తొలినాళ్లలో సీసం, తగరం కలిసిన మిశ్రలోహాన్ని కరిగించి, గుండ్రని రబ్బరు మూసలో పోసి, మూసను గిరగిర తిప్పేవారు. అపకేంద్ర బలానికి లోహం అంచుల వరకు పాకి సన్నని గీతలను సైతం నింపేది. ఇప్పుడు అధికభాగం పాలిస్టైరిన్ ప్లాస్టిక్. ఉక్కు డైలలోకి ఒత్తిడితో ఎక్కిస్తారు. తుపాకి పట్టుకున్న మనిషిని ఒకే ముక్కగా పోస్తే చేతి కింది భాగం డైలో ఇరుక్కొని బయటకు రాదు. దీనినే మనం అండర్‌కట్ అంటాము. అందుకే తల, మొండెం, చేతులు విడివిడిగా పోసి, ఒక చట్రానికి తగిలించి అమ్ముతారు. కొన్నవారు కత్తిరించి, అతుకులు గీకి, అతికించి, రంగులు వేసుకోవాలి. అంటే కర్మాగారంలో సగం పని, ఇంట్లో సగం పని. మన కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో బొమ్మ చెక్కేవారు కూడా చేతులను విడిగా చెక్కి అతుకుతారు. ఉక్కు డై అయినా, ఉలి అయినా పనివాడు చివరకు చేరుకొనే యుక్తి ఒకటే.

ఆట తీరుతెన్నులు

యుద్ధాన్ని బల్లమీదకు దించిన తొలి గౌరవం మన దేశానిదే. రథ, గజ, తురగ, పదాతులనే నాలుగు అంగాలతో ఆడిన చతురంగం నుండే నేటి చదరంగం వచ్చింది. 1812లో ప్రష్యా రాజుకు రైస్విట్జ్ అనే అధికారి యుద్ధక్రీడాపీఠం ఒకటి సమర్పించగా, ఆయన కుమారుడు 1824లో దానిని సైనికాధికారుల శిక్షణకు పనికివచ్చేలా తీర్చాడు. 1913లో ఇంగ్లీషు రచయిత హెచ్. జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకంలో బొమ్మ సైనికులతో ఇంట్లో ఆడుకొనే నియమాలు రాశాడు. మరుసటి సంవత్సరమే అసలు యుద్ధం వచ్చిపడింది.

మేము ఆడినది రెండవ ప్రపంచయుద్ధానికి సంబంధించిన ‘బోల్ట్ యాక్షన్’. నాటింగ్‌హామ్‌కే చెందిన వార్‌లార్డ్ గేమ్స్ వారి సహకారంతో 2012లో వెలువడింది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బల్లమీద గుట్టలు, చెట్లు, ఇళ్లు అమరుస్తారు. గడులు ఉండవు. దూరాలన్నీ టేపుతో కొలుస్తారు. దళం మామూలుగా ఆరంగుళాలు, పరుగు తీస్తే పన్నెండంగుళాలు కదులుతుంది. రైఫిలు ఇరవై నాలుగంగుళాలు అందుతుంది. గురి తగిలిందా లేదా అన్నది పాచికలు చెబుతాయి.

ఈ ఆటకు ప్రాణం ఒక గుడ్డసంచి. ప్రతి దళానికి ఒకటి చొప్పున రెండు పక్షాలవారి పాచికలనూ ఆ సంచిలో వేస్తారు. చూడకుండా చేయిపెట్టి ఒకటి తీయాలి. ఎవరి రంగు వస్తే వారి దళం ఒకటి కదులుతుంది. చదరంగంలోవలె నీ వంతు, నా వంతు అన్న భరోసా లేదు. పైగా శత్రువు కాల్పులకు గురైన దళంమీద ‘పిన్’ అనే గుర్తులు చేరుతాయి. ఒక్కొక్క గుర్తుకు ధైర్యం ఒక అంకె తగ్గుతుంది. అప్పుడు ఆజ్ఞ ఇస్తే రెండు పాచికలు వేసి ఆ తగ్గిన అంకెకు లోబడి రావాలి. రాకపోతే ఆ దళం ఉన్నచోటనే నేలకు కరుచుకొని పడుకుంటుంది. సేనాపతి ఆజ్ఞాపించినంత మాత్రాన భయపడిన మనిషి కదలడన్న సత్యం ఈ నియమంలో ఉంది.

చిన్నతాత దళం

పోటీకి మా ఇద్దరి కోసం ఆ అమ్మాయి సిద్ధం చేసిన సైన్యం 1944 నాటి కోహిమా యుద్ధానికి చెందిన భారతీయ పదాతిదళం. తానూ తండ్రీ అదే యుద్ధంలో పాల్గొన్న బ్రిటిషు రెండవ డివిజనును తీసుకున్నారు. అడవి పచ్చరంగు దుస్తులు, సిక్కు జవాన్ల తలపాగాలు, భుజంమీద అయిదవ భారతీయ డివిజను చిహ్నమైన నలుపులో ఎర్రని వలయం. మిల్లీమీటరు మించని ఆ వలయాన్ని మూడు వెంట్రుకల కుంచెతో దిద్దింది. పక్కన అయిదుగురు మద్రాసు శాపర్లు కూడా ఉన్నారు. నేను మురిసిపోయాను. మా లెక్కల మిత్రులు మాత్రం బొమ్మను చేతిలోకి తీసుకొని చాలాసేపు మాట్లాడలేదు.

“అమ్మాయీ, వీళ్లతో నేను ఆడలేను. మా చిన్నతాత శాపర్లలో చేరి బర్మా వెళ్లాడు. తిరిగి రాలేదు. మా ఇంట్లో ఏడ్చిన ఏడుపుకు పాచికలు వేయమంటావా?” అన్నారు చివరకు.

ఇన్నేళ్ల స్నేహంలో ఆ సంగతి నేను వినలేదు. పందొమ్మిదేళ్లకు పెళ్లయి, ఇరవై ఏళ్లకు బెంగుళూరు వెళ్లి సైన్యంలో చేరాడట. పోయినట్లు కబురు వచ్చింది కాని ఆ కాగితం ఏ వరదలోనో పోయింది. చనిపోయిన తిథి తెలియక, ఎనభై ఏళ్లుగా ఆ ఇంట్లో మహాలయ అమావాస్యనాడే ఆయన పేరు చెప్పి తర్పణం విడుస్తున్నారు.

ఆ అమ్మాయి నొచ్చుకోలేదు. “పెదనాన్నగారూ, మీరు వద్దంటే మరో సైన్యం తీసుకుందాం. కాని ఒక్కమాట. రేపు ఆ హాలులో అన్ని దేశాల సైన్యాలూ ఉంటాయి. 25 లక్షల మంది భారతీయులు ఆ యుద్ధంలో ఉన్నారు. 87,000 మంది మరణించారు. ఎవరి కారణాలు వారివి కావచ్చు. వాళ్లను బల్లమీదకు తేకపోతే, అక్కడివారికి వాళ్లు అసలు లేనట్టే” అంది.

తరువాత తన కంప్యూటరు ముందు కూర్చుంది. కామన్‌వెల్త్ యుద్ధసమాధుల సంస్థవారు రెండు ప్రపంచయుద్ధాలలో మరణించినవారి పట్టికలను అందరికీ అందుబాటులో పెట్టారు. భారతీయ సైనికుల విషయంలో పేరుతోబాటు రెజిమెంటు, పలుచోట్ల తండ్రి పేరు, గ్రామం, జిల్లా కూడా ఉంటాయి. పేర్లకు ఇంగ్లీషువారు రాసిన వర్ణక్రమం చిత్రవిచిత్రంగా ఉంటుంది కనుక నాలుగైదు విధాలుగా వెతకవలసి వచ్చింది. రాత్రి పదకొండు గంటల ప్రాంతంలో దొరికింది. ఇంటిపేరు విరిగిపోయినా, తండ్రి పేరూ ఊరి పేరూ జిల్లా పేరూ కలిశాయి. సమాధి దొరకని దాదాపు 27,000 మంది పేర్లను చెక్కిన రంగూన్ స్మారకంమీద ఆయన పేరు ఉంది. ఎదురుగా మరణించిన తేదీ, 1944 జూన్ నెలలో.

మిత్రులు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కాసేపటికి, “ఆడదాం. ఒక షరతు. పడిన బొమ్మలను పెట్టెలోకి విసరకూడదు. బల్ల అంచున వరుసగా నిలబెట్టాలి. ఎంతమంది పోయారో లెక్క నేను రాస్తాను” అన్నారు. మాకు అభ్యంతరం ఏముంటుంది?

పోటీనాడు

ఈస్ట్ మిడ్‌లాండ్స్ ప్రాంతపు జంటల పోటీ అది. ఊరి శివారున ఒక సామాజిక భవనపు హాలులో జరిగింది. పదహారు జంటలు, ఎనిమిది బల్లలు, రోజంతా మూడు ఆటలు. ఒక బల్లమీద మంచు కప్పిన రష్యా పల్లె, మరొకదానిమీద ఇసుక దిబ్బల ఎడారి, ఇంకొకదానిమీద నార్మండీ పొలాల కంచెలు. కళాశాల కుర్రవాళ్ల నుండి పింఛను పుచ్చుకొంటున్నవారి వరకు అన్ని వయసులవారూ ఉన్నారు. ఆటకు ముందు కరచాలనం చేసి, తమ బొమ్మలలో ఏది ఏమిటో ఎదుటివారికి చూపించి చెప్పడం ఇక్కడి మర్యాద. దొర్లి బల్ల కింద పడిన పాచికను లెక్కచేయరు, మళ్లీ వేస్తారు. సందేహం వచ్చినచోట కూడబలుక్కొని తేల్చుకుంటారు. అలా తేలనప్పుడే నిర్ణేతను పిలుస్తారు. మర్యాదకు కూడా మార్కులున్నాయి.

మొదటి ఆట అమెరికా సైన్యంతో. వారి ఫిరంగుల ముందు మా పదాతులు నిలవలేదు. ఓడిపోయాము. మిత్రుల పుస్తకంలో ఇరవై మూడు గీతలు పడ్డాయి. రెండవది జర్మన్లతో. శిథిలమైన ఇళ్ల చాటున ఒక్కొక్క గోడ దాటుకుంటూ పోయి గెలిచాము. పద్నాలుగు గీతలు.

మధ్యాహ్న విరామంలో అందరూ తమ సైన్యాలను బల్లలమీద తీర్చిపెట్టారు. ఆటగాళ్లు తిరిగి చూసి, నచ్చిన సైన్యానికి ఓటు వేస్తారు. మా మిత్రుని శ్రీమతిగారు కట్టిచ్చిన పులిహోర పంచుతూ మేము మా సైన్యం పక్కన నిలుచున్నాము. చాలామంది ఆగి చూశారు. ‘ఈ ఎర్ర వలయం ఏ రెజిమెంటుది?’ అని ఒకరు, ‘భారతీయులు బర్మాలో ఇంతమంది ఉన్నారా?’ అని మరొకరు అడిగారు. 1944లో జనరల్ స్లిమ్ నాయకత్వంలోని పద్నాలుగవ సైన్యంలో అధికభాగం భారతీయులేనని ఆ అమ్మాయి ఓపికగా చెప్పింది. 2013లో లండన్‌లోని జాతీయ సైనిక ప్రదర్శనశాల నిర్వహించిన ఎన్నికలో బ్రిటన్ చరిత్రలోనే గొప్ప యుద్ధంగా ఎంపికైనది ఇంఫాల్-కోహిమా. ఆ సంగతి తెలిసినవారు కూడా ఆ యుద్ధాన్ని ఎవరు పోరాడారన్నది పూర్తిగా ఎరుగరు.

మూడవ ఆట చీటీల ప్రకారం జపాను సైన్యంతో వచ్చింది. గుట్ట, మెట్లుమెట్లుగా తోట, పైన ఒక బంగళా. ఎదుట తండ్రీ కొడుకులు. తండ్రి పదవీ విరమణ చేసిన బస్సు డ్రైవరు. మా బొమ్మలను చూసి ఆయన అన్న మాట ఇది: “పదేళ్లుగా జపాను సైన్యంతో ఆడుతున్నాము. మా ఎదుట ఎప్పుడూ బ్రిటిషువారో అమెరికావారో నిలబడేవారు. నిలబడవలసినవారు ఇవాళ వచ్చారు.”

ఆట ఆరవ ఆవృతానికి వచ్చేసరికి బంగళా వారి చేతిలో ఉంది. గుట్ట దిగువనున్న రెండు శిబిరాలలో ఒకటి మాది. రెండవదానికి పదంగుళాల దూరంలో అయిదుగురు శాపర్లు, వారిమీద మూడు పిన్నులు. తొమ్మిదిగా ఉండవలసిన ధైర్యం ఆరుకు దిగింది. సంచిలో రెండే పాచికలు మిగిలాయి, మాది ఒకటి, వారిది ఒకటి. మాది ముందుగా వచ్చింది. రెండు పాచికలమీద ఆరు లేదా అంతకు లోపు పడాలి. “ముప్పై ఆరింట పదిహేను,” అన్నారు మిత్రులు, బడ్జెటు చదివినంత నిబ్బరంగా. పాచికలు నా చేతికి ఇవ్వబోయి ఆగి, తామే వేశారు. నాలుగు, ఒకటి.

శాపర్లు లేచి పరుగెత్తి శిబిరం చేరారు. చివరి పాచిక వారిది. వారి మెషిన్‌గన్ కాల్పులకు ముగ్గురు పడిపోయారు. ఇద్దరు మిగిలారు. ఆ ఇద్దరి వల్ల శిబిరం మాదైంది, ఆట సరిసమానంగా ముగిసింది. మిత్రులు పడిన ముగ్గురినీ తీసి వరుస చివర నిలబెట్టారు. ఎదుటి పెద్దాయన ఆ వరుసను ఉదయం నుండి గమనిస్తూనే ఉన్నారట. ఏమీ అడగకుండా తమ పెట్టెలో పడుకోబెట్టిన జపాను సైనికులను కూడా ఒక్కొక్కరినే తీసి, బల్లకు అవతలి అంచున నిలబెట్టారు.

తుది ఫలితాలలో మేము తొమ్మిదవ స్థానంలోను, తండ్రీకూతుళ్లు నాలుగవ స్థానంలోను నిలిచారు. రంగుల ఓటులో ఆ అమ్మాయి సైన్యానికి రెండవ స్థానం వచ్చింది.

తిరుగు ప్రయాణం తరువాత

ఆ యాత్ర నుండి మేము తెచ్చుకున్నవి రెండు. మొదటిది, పరిశ్రమలు పోయిన ఊరిలో కూడా పనితనం నిలవగలదన్న ధైర్యం. లేసు అల్లిన వేళ్లు, సైకిలు చక్రానికి ఊచలు బిగించిన వేళ్లు ఉన్న నగరమే నేడు మిల్లీమీటరు వలయాన్ని దిద్దే బొమ్మలకు ప్రసిద్ధి. యంత్రాలు పాతబడవచ్చు, సూక్ష్మంగా పనిచేసే అలవాటు మాత్రం మరొక పనికి అక్కరకు వస్తుంది. మన టూల్‌రూములలో ఉన్న నేర్పు విలువను మనం తక్కువగా అంచనా వేసుకోరాదు.

రెండవది మా మిత్రుల ఇంటికి సంబంధించినది. ఆయన తేదీని అన్నగారికి ఫోనులో చెప్పగా, వారి పురోహితులు పాత పంచాంగం తిరగవేసి తిథి గుణించి ఇచ్చారు. ఈ ఏడు ఆ ఇంట్లో చిన్నతాతకు ఆయన తిథినాడే పితృకార్యం జరిగింది. రానున్న శీతాకాలంలో మేమిద్దరం కుటుంబాలతో కోహిమా వెళ్లదలచాము. అక్కడి యుద్ధసమాధుల తోటలో 1,420 సమాధులు, దహనసంస్కారం పొందిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లతో ఒక స్మారకం ఉన్నాయి. నాటి టెన్నిస్ మైదానపు గీతలను కూడా అక్కడ చూడవచ్చు. దాని రెండు వైపుల నుండే వారాల తరబడి పోరు సాగింది.

మన సంస్థలో దేశం నలుమూలల నుండి వచ్చిన కుటుంబాలున్నాయి. యుద్ధానికి వెళ్లి తిరిగిరాని పెద్దలు మీ ఇళ్లలోనూ ఉండవచ్చు. తండ్రి పేరు, ఊరి పేరు, రెజిమెంటు పేరు పెద్దవారిని అడిగి రాసుకోండి. యుద్ధసమాధుల సంస్థవారి పట్టికలో పేరును నాలుగు రకాల వర్ణక్రమంతో వెతకండి. పిల్లలను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, వెతకడంలో వారు మనకంటె చురుకు.